తేజాబులో కరిగిన బంగారం నూనెలోకి ఎందుకు వెళ్తుంది?

చపాట మిర్చి వేసి వండిన కూరను కాసేపు కదపకుండా ఉంచితే పైన ఎర్రటి నూనె తేలుతుంది. రంగంతా నూనెలోకి పోతుంది, ఉప్పంతా కింది పులుసులోనే ఉండిపోతుంది. ఎవరూ గరిటె పెట్టి విడదీయలేదు. మిర్చిలోని ఎరుపు నూనెలో బాగా కరుగుతుంది, ఉప్పు నీళ్ళలో బాగా కరుగుతుంది. కలియబెట్టి వదిలేస్తే దేని చోటు అది వెతుక్కుంటుంది. 2025లో జీఐ గుర్తింపు వచ్చిన వరంగల్ చపాట మిర్చికి గిరాకీ ఈ రంగు వల్లే. దాని కారం తక్కువ.

ప్లాటినం, పల్లాడియం, బంగారం కలిసి ఉన్న ద్రావణం నుంచి ఒక్కో లోహాన్ని విడదీయడానికి పెద్ద రిఫైనరీలు వాడే సూత్రం కూడా ఇదే. లోహాలు కరిగిన ఆమ్లపు నీళ్ళు ఒకవైపు, వాటితో కలవని నూనెలాంటి ద్రవం మరోవైపు. రెండింటినీ బాగా చిలికి ఆపితే పొరలు విడిపోతాయి. కావలసిన లోహం నూనె పొరలోకి ఎక్కుతుంది, మిగతావి నీళ్ళలో ఉండిపోతాయి. పాఠ్యపుస్తకాలు దీన్ని ద్రావణి నిష్కర్షణ అంటాయి. పనిచేసే చోట మాత్రం అందరూ సాల్వెంట్ ఎక్స్‌ట్రాక్షన్ అనే అంటారు.

ఉత్తర తెలంగాణలో ఈ పేరు వినగానే చాలామందికి తవుడు నూనె గుర్తొస్తుంది. రైసు మిల్లుల తవుడును హెక్సేన్ అనే పెట్రోలియం ద్రవంలో నానబెట్టి నూనె తీసే ఫ్యాక్టరీని ఇక్కడ సాల్వెంట్ ప్లాంటు అనే పిలుస్తారు. ఆ పనికీ ఈ పనికీ చుట్టరికం ఉంది గానీ రెండూ ఒకటి కావు. అక్కడ ఘనపదార్థంలోని నూనె ద్రవంలోకి వస్తుంది. ఇక్కడ ఒక ద్రవంలో ఉన్న లోహం మరో ద్రవంలోకి దాటుతుంది. అలా దాటడానికి కారణం కరగడం ఒక్కటే కాదు. ఆమ్లంలో ఆ లోహం ఏ రూపంలో ఉంది, దాని మీద ఎంత విద్యుదావేశం ఉంది అన్నదే అసలు విషయం.

బజారులో ఇప్పుడు జరిగే పని

పాత నగల బంగారాన్ని మేలిమి చేయడానికి ఔసలివాళ్ళకు తెలిసిన దారులు రెండు. మొదటి దారిలో, నగలో బంగారం పాలు సుమారు నాలుగో వంతుకు దిగేలా వెండి గానీ రాగి గానీ కలిపి మూసలో కరిగిస్తారు. దాన్ని పలచటి రేకులుగానో చిన్న గుళికలుగానో చేసి నత్రికామ్లంలో ఉడికిస్తారు. వెండి, రాగి కరిగిపోయి బంగారం గోధుమరంగు పొడిలా అడుగున మిగులుతుంది. ఇందులో బంగారం అసలు కరగదు, దాని చుట్టూ ఉన్నవే కరుగుతాయి.

రెండో దారి ద్రవరాజం. మూడు పాళ్ళు హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఒక పాలు నత్రికామ్లం కలిపిన ఈ ద్రవంలో బంగారం కూడా కరిగి పసుపురంగు ద్రావణం అవుతుంది. బంగారాన్ని ఆక్సీకరించేది నత్రికామ్లం, అలా బయటికి వచ్చిన బంగారు అయాన్లను చుట్టుముట్టి మళ్ళీ లోహంగా మారనీయకుండా పట్టుకునేది క్లోరైడ్. ఏ ఒక్క ఆమ్లానికీ విడిగా ఆ శక్తి లేదు. వెండి మాత్రం తెల్లటి క్లోరైడ్‌గా విరిగిన పాలలా అడుగుకు దిగుతుంది. తరువాత మిగులు నత్రికామ్లాన్ని తొలగించి, సోడియం మెటాబైసల్ఫైట్ వేస్తే బంగారం పొడిగా కిందికి పడుతుంది. దాన్ని కడిగి, ఆరబెట్టి, కరిగిస్తే మేలిమి ముద్ద చేతికొస్తుంది.

ఒక నగలోని బంగారం కోసం ఈ పద్ధతి సరిపోతుంది. ఇందులో సందేహం అక్కర్లేదు. 916 నగలో వందకు 91.6 పాళ్ళు బంగారమే, మిగిలింది వెండి, రాగి, జింకు వంటివి. వాటిని వదిలించుకోవడానికి మరో సాంకేతికత వెతకాల్సిన పనిలేదు. కరీంనగర్ వెండి తీగ పనిలో మిగిలే ముక్కలకు కూడా అంతే. ఫిలిగ్రీ అని పేరుపొంది, జీఐ గుర్తింపు ఉన్న ఆ పనికి శుభ్రమైన వెండి కావాలి. తెగిన తీగలను ఏరి మళ్ళీ కరిగిస్తే చాలు.

చిక్కంతా ద్రావణంలో నాలుగైదు విలువైన లోహాలు కలిసినప్పుడు వస్తుంది. తెల్ల బంగారంలో పల్లాడియం ఉండొచ్చు. కల్తీ చేసిన నగల్లో ఇరిడియం, రుథేనియం, ఆస్మియం పొడులు ఉంటున్నాయి. ఇవి బంగారంతో సరిగా కలవకుండా లోపల గింజల్లా ఉండిపోతాయి. గీటురాయి మీద గీస్తే తేడా అంత తేలిగ్గా తెలియదు. ద్రవరాజంలో వేస్తే కరగకుండా నల్లటి పొడిలా అడుగున మిగులుతాయి కనుక అక్కడ బయటపడతాయి. ఇక కంప్యూటర్ బోర్డులు, కార్ల పొగ గొట్టాల్లో పొగను శుద్ధి చేసే కన్వర్టర్లు వంటి సరుకు వస్తే బంగారం, వెండి, పల్లాడియం, ప్లాటినం, రోడియం, వాటితోపాటు రాగి, ఇనుము, తగరం అన్నీ ఒకే తొట్టిలో ఉంటాయి.

అటువంటి ద్రావణంలో ఒక్కో లోహాన్ని అవక్షేపంగా దించుతూ పోవడం పాత పద్ధతి. ప్లాటినంకు అమ్మోనియం క్లోరైడ్ వేస్తే పసుపు అవక్షేపం పడుతుంది. కానీ అవక్షేపం పడేటప్పుడు ఒంటరిగా పడదు. గింజల మధ్య అసలు ద్రావణం చిక్కుకుంటుంది, పక్క లోహాలు కొంత అంటుకుని వస్తాయి. అందుకని మళ్ళీ కరిగించాలి, మళ్ళీ దించాలి, మళ్ళీ కడగాలి. ఒక్కో చుట్టులో కొంత లోహం వెనక్కి పోయి మొదటి తొట్టిలో చేరుతుంది. ప్లాటినం జాతి లోహాల రిఫైనరీల్లో ఇలా మొదటి నుంచి చివరిదాకా నెలలు పట్టేది. ఆ నెలలన్నీ కోట్ల విలువైన లోహం తొట్లలోనే ఇరుక్కుని ఉండేది. సాల్వెంట్ పద్ధతికి మారడానికి కారణం శుద్ధత మాత్రమే కాదు, ఇరుక్కున్న ఈ పెట్టుబడి కూడా.

ఆవేశం, ఆకారం

హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగిన బంగారం ఒంటరి అయాన్‌గా ఉండదు. ఒక బంగారు పరమాణువు చుట్టూ నాలుగు క్లోరైడ్లు చదరం మూలల్లో నిలబడతాయి. సంశ్లిష్టం అని పిలిచే ఈ మొత్తం కట్టు మీద ఒకే ఒక్క రుణావేశం ఉంటుంది. పల్లాడియంది కూడా నాలుగు క్లోరైడ్ల చదరమే, కానీ దానిమీద రెండు రుణావేశాలు. ప్లాటినం మామూలుగా ఆరు క్లోరైడ్లతో, రెండు రుణావేశాలతో ఉంటుంది. రోడియం చుట్టూ ఆరు క్లోరైడ్లు, దానిమీద మూడు రుణావేశాలు. ఆమ్లం పలచబడితే రోడియం క్లోరైడ్లలో కొన్ని తొలగి నీటి అణువులు ఆ చోట్లోకి వస్తాయి. అప్పుడు ఒకే రోడియం రకరకాల రూపాల్లో ఉంటుంది.

ఆవేశం ఎంత ఎక్కువైతే నీటి అణువులు అంత గట్టిగా చుట్టూ చేరతాయి. నూనెలోకి వెళ్ళాలంటే ఆ మందీమార్బలాన్ని వదులుకోవాలి. ఒకే ఆవేశం, పెద్ద ఆకారం ఉన్న బంగారానికి వదులుకోవాల్సింది కొద్దిగానే. మూడు ఆవేశాల రోడియంకు చాలా ఎక్కువ. అందుకే అయాన్ జంటలుగా, అంటే వ్యతిరేక ఆవేశం ఉన్న అయాన్‌తో జతకట్టి, నూనెలోకి వెళ్ళే తేలికలో బంగారం ముందుంటుంది, ప్లాటినం మధ్యలో ఉంటుంది, రోడియం అందరికన్నా వెనక. ఈ ఒక్క వరుస అర్థమైతే రిఫైనరీలో మొదట బంగారాన్నే ఎందుకు తీస్తారో, రోడియంను చివరిదాకా ఎందుకు వదిలేస్తారో తేలిపోతుంది.

ఇంకో తేడా వేగంలో ఉంది. పల్లాడియం తన క్లోరైడ్లను వదిలి మరో జతగాడిని పట్టుకోగలదు. ప్లాటినం, ఇరిడియం, రోడియం ఆ పనిలో వేల నుంచి కోట్ల రెట్లు నెమ్మది. అంటే పల్లాడియంను రసాయన బంధంతో లాగొచ్చు. ప్లాటినంను మాత్రం దాని క్లోరైడ్లు దానికే ఉంచి, మొత్తం సంశ్లిష్టాన్ని ఒక జంటలా తీసుకుపోవాలి. ఎవరి స్వభావాన్ని బట్టి వాళ్ళకు నూనె ఎంచుకోవాలి. ఈ రసాయన శాస్త్రంలో అందమైన భాగం ఇదే అని చెప్పాలి.

బంగారానికి ఏ నూనె?

క్లోరైడ్ ద్రావణంలోని బంగారం ఈథర్‌లోకి వెళ్తుందన్నది పాత సంగతే. ప్రయోగశాలలో ఆమ్లపు ద్రావణాన్ని డైఇథైల్ ఈథర్‌తో చిలికితే కింది పొర పసుపు వెలిసిపోయి పైపొరకు ఎక్కడం కంటికి కనిపిస్తుంది. కానీ ఆ ఈథర్ మరిగేది 35 డిగ్రీల దగ్గర. వరంగల్‌లో మే నెల మధ్యాహ్నం అంతకన్నా ఎక్కువే వేడి ఉంటుంది. సీసా మూత తీస్తే ఆవిరవుతుంది, నిప్పురవ్వ తగిలితే అంటుకుంటుంది. కుంపటి ఉన్న గదిలో దాని ఊసే వద్దు.

కొన్ని రిఫైనరీలు మిథైల్ ఐసోబ్యూటైల్ కీటోన్ వాడాయి. బంగారాన్ని అది బాగానే లాగుతుంది. కానీ గట్టి ఆమ్లంలో ఇనుము కూడా బంగారంలాగే నాలుగు క్లోరైడ్లు, ఒకే రుణావేశంతో ఉంటుంది. కీటోన్ దాన్నీ పట్టుకుంటుంది. పైగా ఇది లీటరు నీటిలో 17 నుంచి 19 గ్రాముల దాకా కరిగిపోతుంది. అంటే ప్రతి చిలుకుడుకూ కొంత సాల్వెంట్ నీళ్ళపాలే. గది ఉష్ణోగ్రతకే అంటుకోగల ఆవిరి కూడా దీనికుంది.

లండన్ దగ్గర యాక్టన్‌లో ‘ఇంకో’ (Inco) అనే నికెల్ కంపెనీ రిఫైనరీ 1970లలో డైబ్యూటైల్ కార్బిటాల్‌ను ఎంచుకుంది. ఇది కూడా ఈథర్ జాతిదే, కానీ పొడవైన అణువు. మరిగేది 250 డిగ్రీలు దాటాక. ఆవిరికి నిప్పంటుకునే ఉష్ణోగ్రత 100 డిగ్రీలకు పైన. నీటిలో లీటరుకు సుమారు 3 గ్రాములే కరుగుతుంది. బంగారం మీద దీనికి ఉన్న పట్టు అసాధారణమైంది. పొరల మధ్య బంగారం పంచుకునే నిష్పత్తిని వితరణ గుణకం అంటారు. ఈ సాల్వెంట్‌లో అది వందల్లో, వేలల్లో ఉంటుంది. ఇనుము, ఇతర లోహాలు కొద్దిగా ఎక్కినా పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో నూనెను ఒకసారి కడిగితే దిగిపోతాయి. పలచటి ఆమ్లంలో ఇనుము క్లోరైడ్లు తొలగిపోయి నీళ్ళలోకి వస్తుంది. బంగారం చదరం మాత్రం చెక్కుచెదరదు.

అయితే పట్టు ఇంత గట్టిగా ఉంటే వదిలించేదెలా? మామూలుగా ఎక్కిన లోహాన్ని నీళ్ళతోనో మరో ద్రావణంతోనో కడిగి దింపుతారు. దీన్ని స్ట్రిప్పింగ్ అంటారు. కార్బిటాల్ నుంచి బంగారం నీళ్ళకు దిగదు. అందుకని నూనె పొరలోకే వేడి ఆక్సాలిక్ ఆమ్ల ద్రావణాన్ని పంపి, అక్కడికక్కడే బంగారాన్ని లోహంగా మారుస్తారు. ఆక్సాలిక్ ఆమ్లం కార్బన్ డైఆక్సైడ్ వాయువుగా మారి వెళ్ళిపోతుంది. లెక్క ప్రకారం 1 కిలో బంగారానికి సుమారు 960 గ్రాముల ఆక్సాలిక్ స్ఫటికాలు ఖర్చవుతాయి. అడుగున మెరిసే బంగారు గింజలు మిగులుతాయి. వడగట్టి, కడిగి కరిగిస్తే మళ్ళీ మేలిమి చేయాల్సిన అవసరం ఉండదు. సాల్వెంట్ తిరిగి తొట్టిలోకి వస్తుంది.

దక్షిణాఫ్రికాలోని మింటెక్ సంస్థ ఇదే దారిలో మినటౌర్ అనే పద్ధతిని తయారుచేసింది. 1997 నుంచి అక్కడ హార్మొనీ గనిలో దాన్ని బంగారం శుద్ధికి వాడారు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం రసాయన శాస్త్రవేత్తలు 2016లో ప్రైమరీ అమైడ్ అనే ఒక మామూలు సేంద్రియ పదార్థం బంగారాన్ని ఎంపికగా లాగుతుందని చూపించారు. వాళ్ళు గురిపెట్టింది పాత ఎలక్ట్రానిక్స్ మీదే.

ఒకేసారి పోయాలా, మూడుసార్లు పోయాలా?

ఉన్న సాల్వెంట్ మొత్తాన్ని ఒకేసారి పోసి చిలకడం, దాన్నే మూడు భాగాలు చేసి మూడుసార్లు చిలకడం ఒకటే అనిపిస్తుంది. నిజానికి చాలా తేడా ఉంది. గుణకం 9 అనుకుందాం. 3 లీటర్ల ఆమ్లపు నీళ్ళకు 3 లీటర్ల సాల్వెంట్ ఒకేసారి కలిపితే వందకు 90 పాళ్ళ లోహం పైకెక్కి 10 పాళ్ళు కింద మిగులుతుంది. అదే 3 లీటర్లను లీటరు చొప్పున మూడుసార్లు వాడితే ప్రతిసారీ నాలుగో వంతు మిగులుతుంది. మూడుసార్ల తరువాత కింద మిగిలేది 64వ వంతు, అంటే వందకు 1.6 పాళ్ళు. సాల్వెంట్ చుక్క కూడా పెరగలేదు, మిగిలిన లోహం మాత్రం ఆరో వంతుకు తగ్గింది. బట్టలు జాడించేవాళ్ళకు ఇది తెలిసిన సంగతే. ఒక బకెట్ నీళ్ళలో ఒకసారి ముంచడం కన్నా అవే నీళ్ళను మూడుసార్లుగా వాడితే సబ్బు బాగా పోతుంది.

ఫ్యాక్టరీలో దీన్ని ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్ళారు. కలిపే తొట్టి, తేర్చే తొట్టి జతలను వరుసగా పెడతారు. ఆమ్లం ఒక చివర నుంచి, సాల్వెంట్ రెండో చివర నుంచి ఎదురెదురుగా నడుస్తాయి. లోహం దాదాపు ఖాళీ అయిన నీళ్ళకు తాజా సాల్వెంట్ తగులుతుంది. లోహంతో నిండిన నీళ్ళకు సగం నిండిన సాల్వెంట్ తగులుతుంది. ఏ చోటా సాల్వెంట్ శక్తి వృథా కాదు. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన వరంగల్ రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీ, ఇప్పటి ఎన్‌ఐటీ, కెమికల్ ఇంజినీరింగ్ పిల్లలకు ఈ ఎదురు ప్రవాహపు లెక్కలు కొత్తవి కావు. ఎన్ని తొట్లు కావాలో గ్రాఫు మీద మెట్లు గీసి చెప్పగలిగినవాళ్ళు ఈ ఊళ్ళోనే తయారవుతున్నారు.

పల్లాడియం, ప్లాటినం, ఆ తరువాత

పల్లాడియంకు గంధకం అంటే ఇష్టం. మెత్తటి స్వభావం ఉన్న లోహ అయాన్లు గంధకం లాంటి మెత్తటి పరమాణువులను గట్టిగా పట్టుకుంటాయన్నది రసాయన శాస్త్రంలో నమ్మదగిన సూత్రం. అందుకే డైఆక్టైల్ సల్ఫైడ్ వంటి గంధకపు నూనెలు పల్లాడియంను ఎంపికగా లాగుతాయి, ప్లాటినంను దాదాపు ముట్టవు. ఇక్కడ చెల్లించాల్సిన మూల్యం సమయం. బంగారం నిమిషాల్లో ఎక్కితే పల్లాడియంకు గంటలు పడుతుంది. అందుకని ఎడతెగకుండా పారించే బదులు ఒక పెద్ద తొట్టిలో పోసి చిలుకుతూ ఉంచడమే మేలు. ఎక్కిన పల్లాడియంను అమ్మోనియా నీళ్ళతో దింపుతారు. ఇంకొన్ని చోట్ల రాగి పరిశ్రమ నుంచి వచ్చిన హైడ్రాక్సీ ఆక్సైమ్‌లను వాడారు. అవీ నెమ్మదే, కొద్దిగా అమైన్ కలిపి తొందరపెడతారు.

ప్లాటినం దగ్గర ఇరిడియంతో తంటా ఉంటుంది. నాలుగో ఆక్సీకరణ స్థితిలో ఇరిడియం అచ్చం ప్లాటినంలాగే ఆరు క్లోరైడ్లు, రెండు ఆవేశాలతో ఉంటుంది. సాల్వెంట్ రెండింటి మధ్య తేడా కనిపెట్టలేదు. దీనికి రసాయన శాస్త్రవేత్తలు కనిపెట్టిన ఉపాయం ఎంతో తెలివైనది. ముందు మెత్తటి క్షయకరణి (ఎలక్ట్రాన్లు ఇచ్చే పదార్థం) వేసి ఇరిడియంను మూడో స్థితికి దించుతారు. ఇప్పుడు దానిమీద మూడు ఆవేశాలు, నూనెలోకి ఎక్కలేదు. ప్లాటినం ఒక్కటే ట్రైబ్యూటైల్ ఫాస్ఫేట్‌లోకో, పొడవు తోకల అమైన్‌లోకో ఎక్కుతుంది. అది వెళ్ళిపోయాక ఇరిడియంను మళ్ళీ నాలుగో స్థితికి ఆక్సీకరించి, అదే రకం సాల్వెంట్‌తో తీసుకుంటారు. ఒకే తలుపు, తాళం వేసి ఒకరిని ఆపి, తీసి మరొకరిని పంపినట్టు. ఆస్మియం, రుథేనియంలను మాత్రం వాటి ఆక్సైడ్లు ఆవిరయ్యే గుణం ఉంది కనుక వేరే దారిలో, ఆవిరిగా పట్టుకుంటారు.

ట్రైబ్యూటైల్ ఫాస్ఫేట్ పేరు తెలంగాణకు కొత్తది కాదు. హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ యురేనియంను శుద్ధి చేసేది నత్రికామ్ల ద్రావణం నుంచి ఈ సాల్వెంట్‌తోనే. జిర్కోనియం నుంచి హాఫ్నియంను వేరు చేయడానికీ ఇదే. నిజానికి ద్రవంలోంచి ద్రవంలోకి లోహాన్ని లాగే పద్ధతి చరిత్ర యురేనియంతోనే మొదలవుతుంది. ఫ్రాన్స్‌లో పెలిగో 1842లోనే యురేనియం నైట్రేట్‌ను ఈథర్‌లోకి తీశాడు. అణు పరిశ్రమ దాన్ని ఫ్యాక్టరీ స్థాయికి పెంచింది, విలువైన లోహాలవాళ్ళు ఆ తరువాత అందుకున్నారు.

వచ్చే కష్టాలు

కాగితం మీద శుభ్రంగా కనిపించే ఈ పని తొట్టిలోకి వచ్చాక ఎన్నో విసిగింతలు పెడుతుంది. అన్నిటికన్నా పెద్ద టెన్షన్ పొరలు విడిపోకపోవడం. సన్నటి మట్టి రేణువులు, కరగని సిలికా, తగరపు జిగురు ఉంటే నీళ్ళకూ నూనెకూ మధ్య మురికి మీగడలా ఒక పొర కట్టేస్తుంది. అందులో రెండు ద్రవాలూ, వాటితోపాటు లోహమూ ఇరుక్కుంటాయి. ముందే బాగా వడగట్టని ద్రావణంతో సాల్వెంట్ పని మొదలుపెడితే నష్టం తప్పదు. అమైన్‌లు వాడినప్పుడు ఇంకో బాధ. లోహం ఎక్కువగా ఎక్కేకొద్దీ నూనె పొరే రెండుగా చీలి మూడో పొర ఏర్పడుతుంది. దాన్ని ఆపడానికి పొడవు గొలుసు ఆల్కహాల్ కొద్దిగా కలుపుతారు.

నత్రికామ్లం కూడా ఇక్కడ చుట్టం కాదు. ద్రవరాజంలో మిగిలిపోయిన నత్రికామ్లం సాల్వెంట్‌లోకి ఎక్కుతుంది, కొన్ని సాల్వెంట్లను నెమ్మదిగా పాడుచేస్తుంది. సేంద్రియ ద్రవం, నత్రికామ్లం, వేడి మూడూ ఒక్కచోట చేరడం ప్రమాదమని ప్రత్యేకంగా చెప్పాల్సిన పనిలేదు. పెద్ద రిఫైనరీలు ద్రవరాజానికి బదులు హైడ్రోక్లోరిక్ ఆమ్లంలోకి క్లోరిన్ వాయువు పంపి లోహాలను కరిగించడానికి ఇదొక కారణం. అలా చేస్తే నైట్రేట్ బెడద ఉండదు, ఇరుకు గల్లీల్లో దగ్గు తెప్పించే ఆ ఎర్రటి పొగ కూడా ఉండదు. కానీ క్లోరిన్ కూడా విషవాయువే. దాన్ని కొట్టు వెనక గదిలో వాడమని ఎవరూ చెప్పలేరు.

ఉత్తర తెలంగాణలో ఇది ఎవరికి పనికొస్తుంది?

ఒక్కో నగల దుకాణానికి సాల్వెంట్ పద్ధతి అక్కర్లేదు. నెలకు కొన్ని వందల గ్రాముల పాత బంగారం శుద్ధి చేసేవాళ్ళకు ద్రవరాజం, మెటాబైసల్ఫైట్ చాలు. వాళ్ళకు కావాల్సింది పొగను పట్టే చిమ్నీ, వాడిన ఆమ్లాన్ని తటస్థం చేసే తొట్టి.

పాత ఎలక్ట్రానిక్స్, వాహనాల కన్వర్టర్ల సంగతి వేరు. ఫోన్లు, కంప్యూటర్ల మంచి రకం బోర్డుల్లో టన్నుకు 100 గ్రాములకు మించి బంగారం ఉంటుంది. గనిలో తవ్వే రాయిలో టన్నుకు కొద్ది గ్రాములే. అయితే అదే టన్ను బోర్డుల్లో రాగి సుమారు 200 కిలోలు. బంగారం 200 గ్రాములు అనుకున్నా, ఒక్క గ్రాముకు కిలో రాగి అడ్డం. ఈ లెక్క చూశాక మొత్తాన్నీ ద్రవరాజంలో ముంచడం ఎంత తప్పో అర్థమవుతుంది. ఆమ్లం అంతా రాగికే ఖర్చవుతుంది. ముందు గంధకామ్లంతో, ఆక్సీకరణి సాయంతో రాగిని తీసేసి, మిగిలిన కొద్దిపాటి అవశేషాన్నే క్లోరైడ్ ద్రావణంలోకి తేవాలి. సాల్వెంట్ పని అక్కడ మొదలవ్వాలి. పాత బోర్డుల మీద బియ్యపు గింజలంత ఉండే కెపాసిటర్లలో పల్లాడియం ఉంటుంది. బంగారం కోసమే చూసేవాళ్ళు దాన్ని గమనించరు. మెటాబైసల్ఫైట్ వేసి బంగారం దించుకున్నాక మిగిలే నీళ్ళలో అది కరిగే ఉంటుంది, ఆ నీళ్ళేమో మోరీలోకి పోతాయి.

కార్ల కన్వర్టర్లదీ ఇదే కథ. పింగాణీ తేనెపట్టులా ఉండే ఆ దిమ్మె మీద ప్లాటినం, పల్లాడియం, రోడియం కలిపి ఒక్కో బండికి కొద్ది గ్రాములే ఉంటాయి. దేశమంతటా 2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్-6 పొగ ప్రమాణాల ప్రకారం తయారయ్యే బైకుల పొగ గొట్టాల్లోనూ ఇవి ఉంటాయి. ఇవాళ అమ్ముడవుతున్న బళ్ళన్నీ కొన్నేళ్ళకు కరీంనగర్, వరంగల్, నిజామాబాద్ పాత ఇనుప సామాన్ల కొట్లకు చేరేవే. ఇనుము ధరకు తూకం వేసి అమ్మితే పోయేది ఇనుము కన్నా ఎన్నో రెట్లు విలువైన సరుకు.

ఒక జిల్లా అంతటి సరుకును ఒక్కచోటికి తెచ్చి, నమూనా తీసి, పరీక్షించి, కరిగించే ఉమ్మడి కేంద్రం ఉంటేనే సాల్వెంట్ పద్ధతి నిలబడుతుంది. సాల్వెంట్ తొట్లకు రోజూ ఒకే తీరు ద్రావణం కావాలి. ఒకరోజు ఫోన్ బోర్డులు, మరునాడు టీవీ బోర్డులు, ఆపై వారం పనేమీ లేకపోతే ఏ ఇంజినీరూ దాన్ని నడపలేడు. దేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వేస్ట్ నియమాలు తయారీదారుల మీద బాధ్యత పెట్టి, రిజిస్టరైన రీసైక్లర్లు బంగారం, రాగి వంటి లోహాలు తీసినందుకు సర్టిఫికెట్లు ఇచ్చే ఏర్పాటు చేశాయి. పల్లాడియంకూ ఇదే స్థాయి లెక్క పెడితే అది మోరీలో పోవడం తగ్గుతుంది. హైదరాబాద్‌లోని సీ-మెట్ అనే కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ పాత సర్క్యూట్ బోర్డుల నుంచి లోహాలు తీసే పద్ధతుల మీద పనిచేస్తోంది. అటువంటి జ్ఞానం హైదరాబాద్ దాటి వరంగల్ దాకా రావడానికి దూరం 150 కిలోమీటర్లే.

ఏ కేంద్రం పెట్టినా మొదటి రోజు నుంచే వాడిన ఆమ్లానికి చోటు చూపించాలి. 6 మోలార్ గాఢత ఉన్న హైడ్రోక్లోరిక్ ఆమ్లం 100 లీటర్లు తటస్థం చేయాలంటే దాదాపు 22 కిలోల ఆర్పిన సున్నపు పొడి కావాలి. దాంతో రాగి, ఇనుము, తగరం హైడ్రాక్సైడ్ల బురద దిగుతుంది. దాన్ని చెరువు గట్టున పోయడానికి వీల్లేదు. అన్నీ తీసుకున్నాక మిగిలే చివరి నీళ్ళలో రోడియం ఉంటుంది, లీటరుకు మిల్లీగ్రాముల్లో. ఏ సాల్వెంట్‌కూ సులువుగా లొంగని ఆ రోడియం కోసం ఆ నీళ్ళను పారబోయకుండా, ఆవిరి చేసి చిక్కబరిచి, తేదీ రాసిన డ్రమ్ముల్లో దాచాలి. ఏడాది పొడుగునా అలా పోగయ్యాకే, ఒక్కసారిగా దాన్ని దించుకునేంత రోడియం అందులో చేరుతుంది.